పల్లీలు పడవు

అక్కా,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటని కంగారు పడకు, ఇద్దరం బాగానే ఉన్నాం. ఫోనులో నీకు సగం వినిపించదు. ఆ సగం కోసం నేను అరిచానంటే ఇక్కడ మీ మరిదికి మొత్తం వినిపిస్తుంది. మాకిచ్చింది ఒక్క గది. ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీ కిందే గిన్నెలు కడిగే తొట్టి. ఇందులో గుట్టుగా తుమ్మడానికి కూడా చోటు లేదు. అందుకే ఆయన పొద్దున ఏడున్నరకి వెళ్లాక, గిన్నెలు బోర్లించి, బల్ల తుడిచి ఈ కాగితం ముందేసుకున్నాను.

కొత్తరకం లిఫ్టుల కంట్రోలు బోర్డులు విప్పి బిగించడం నేర్పడానికి కంపెనీ ఆయన్ని ఇక్కడికి ఆరు వారాలు పంపిందని నీకు తెలుసు. ముప్పై ఏళ్లు లిఫ్టుల్లో ఇరుక్కున్న జనాన్ని బయటికి లాగిన మనిషి, యాభై దాటాక సంచి తగిలించుకుని బడికెళ్లే పిల్లాడిలా మెట్లు దిగుతుంటే నవ్వొస్తుంది. మావాడు హాస్టల్లో ఉన్నాడు, ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు రమ్మన్నారు, వచ్చాను. బయల్దేరేముందు మూడు నెలలు తెల్లారుజామునే లేచి ఫ్రెంచి నేర్చుకున్నారు కదా, ఆ గర్వం ఇంకా దిగలేదు. మొదటిరోజే నన్ను మెట్లమీద నిలబెట్టి పాఠం చెప్పారు.

"ఏమోయ్, 'మా ఫామ్' అంటే ఏంటో తెలుసా? మా ఆవిడ! చూశావా, వీళ్లకీ 'మా' అంటే మాదే. అక్షరం కూడా మార్చుకోలేదు, మననుంచే పట్టుకొచ్చుంటారు."

నవ్వాను. అక్కా, నవ్వడం వరకు బాగానే ఉంది.

అసలు సంగతి రాస్తాను. ఇక్కడికి వచ్చి పన్నెండు రోజులైంది. బయట తిన్నది పదకొండుసార్లు. నా అలవాటు నీకు తెలుసుగా, నోటుబుక్కులో గీతలు గీసి రాసుకుంటున్నాను: ఏ రోజు, ఎక్కడ, ఏం తిన్నాను, ఆయన వాళ్లకి ఏం చెప్పారు, తర్వాత నాకేమైంది. ఆయన ప్రతిచోటా నా గురించి ముందే చెబుతున్నారు. ఎక్కడా మర్చిపోలేదు, అది ఒప్పుకోవాలి. కుర్చీలో కూర్చోకముందే వడ్డించేవాళ్లతో అంటారు: "మా ఫామ్ నెమ్ పా లె కకవెత్." కకవెత్ అంటే పల్లీలట. కాకికి జ్వరమొచ్చినట్టుంది పేరు. విని విని ఆ వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. నోటుబుక్కు అట్ట లోపల తెలుగు అక్షరాల్లో రాసి, కింద రెండు గీతలు గీసి పెట్టుకున్నాను. నా ప్రాణం ఆ ముక్కల మీద ఉందనుకో.

అయినా మూడుసార్లు జరిగింది. మొదటిసారి పెదవి చిమచిమలాడింది. రెండోసారి మెడ చుట్టూ దద్దుర్లు. మూడోసారి, నిన్న, ఆయన శిక్షణ తీసుకునే చోట క్యాంటీనులో, గోధుమరంగు పులుసులాంటిది రెండు చెంచాలు తిన్నానో లేదో గొంతులో ఎవరో వేలు పెట్టి నొక్కినట్టైంది. చేతులు కడుక్కొస్తానని లేచి, కొళాయి తిప్పి, అద్దం పట్టుకుని వంద లెక్కపెట్టాను. ఇంటినుంచి తెచ్చుకున్న మాత్ర వేసుకున్నాను. తొంభై దగ్గర ఊపిరి ఆడింది. బయటికొస్తే, "పులుసు నచ్చలేదా?" అన్నారు. "కడుపు నిండిపోయిందండీ" అన్నాను.

నాకు ఏడేళ్లప్పుడు గుప్పెడు పల్లీలు తిని నీలంగా అయిపోతే నాన్న సైకిలు మీద ఆస్పత్రికి తీసుకెళ్లారు, గుర్తుందిగా. నువ్వు నా చెప్పులు చేత పట్టుకుని సైకిలు వెనకాల పరిగెత్తావు. ఆ చెప్పులెందుకు తెచ్చావని అమ్మ అడిగితే, "చెల్లి తిరిగి నడిచి రావాలి కదా" అన్నావట. నిన్న కొళాయి దగ్గర అదే గుర్తొచ్చింది.

నాకు భయంగా ఉంది. ఆయన చెబుతున్నారు, వాళ్లు తలూపుతున్నారు, అయినా తేడా వస్తోంది. లోపం ఎక్కడుందో తెలియడం లేదు. దీనికితోడు, శిక్షణ ఇచ్చే పెద్దాయన, ఈయన గురువుగారనే పిలుస్తారు, మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఐదోవారం శనివారం మధ్యాహ్నం. ఆయన భార్య వంటకి పేరున్న మనిషట. వెళ్లకపోతే మర్యాద కాదు. నాకిప్పటినుంచే అన్నం సహించడం లేదు.

గువ్వ గురించి నువ్వు అడిగింది మర్చిపోలేదు. నీ కూతురికి పెళ్లి కుదిరిందంటే ఎంత సంతోషించానో. దానికీ నాలాగే పల్లీలు పడవు గనక, నేను ఏ మాట చెప్పి ఇన్నేళ్లూ కాపురం నెట్టుకొచ్చానో ఆ మాట దానికీ రాసి పంపమన్నావు. రాస్తాను. ఆ శనివారం గండం గడవనీ.

భయపడతావని తెలిసే రాశాను. ఒక్కదాన్నే భయపడి భయపడి విసుగొచ్చింది.

నీ చెల్లి

*

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు, నేను ఆగలేక మళ్లీ రాస్తున్నాను. లోపం ఎక్కడుందో తెలిసింది. తెలియకుండా ఉంటేనే బాగుండేదనిపిస్తోంది.

మంగళవారం పొద్దున ఒక్కదాన్నే వీధి చివర రొట్టెల దుకాణానికి వెళ్లాను. ఎన్నాళ్లు ఆయన కొంగు పట్టుకుని తిరుగుతాను, ఆయనకి కొంగు లేకపోయినా! ముందురోజే ఆయన్ని అడిగి, 'మా ఆవిడ' తీసేసి 'నేను' పెట్టించుకున్నాను. "జ నెమ్ పా లె కకవెత్." దారిపొడుగునా జపంలా అనుకుంటూ వెళ్లి, దుకాణం ఆవిడ ముందు తడబడకుండా అప్పజెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, తన గుండె మీద చెయ్యేసుకుని ఏదో అని, అచ్చు కాగితంలో చుట్టివున్న ఒక తీపి బన్ను ఇచ్చింది. నా ఫ్రెంచికి మురిసిపోయిందనుకున్నాను. దాని మీద ఒక్క పల్లీ కూడా లేదు, తిప్పి తిప్పి చూశాను.

గదికొచ్చి రెండు ముక్కలు తిన్నాను. ఐదు నిమిషాల్లో కింది పెదవి వేలాడబడింది. మాటలు ముద్దగా వస్తున్నాయి. మాత్రలు అయిపోయాయి. బన్ను కాగితం చేతిలో నలుపుకుంటూ వీధి మూల మందుల షాపుకి పరిగెత్తాను. తాళం వేశానో లేదో కూడా గుర్తులేదు. నేను, తాళం!

షాపులో ఒక నడివయసావిడ, కళ్లజోడు గొలుసుకి కట్టి మెడలో వేసుకుంది. నాకు తెలిసిన ఒక్క వాక్యం చెప్పాను. "జ నెమ్ పా లె కకవెత్." ఆవిడ భుజాలెగరేసి, అయితే తినకు, అన్నట్టు చెయ్యి తిప్పింది. మళ్లీ చెప్పాను. ఈసారి కళ్లజోడు పెట్టుకుని నా మొహంలోకి చూసింది. ఆవిడ మొహం మారింది. గబగబా లోపలికెళ్లి మందు తెచ్చి మింగించింది, బల్ల మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ పావుగంట కదల్లేదు. పెదవి కాస్త దిగాక ఒక కాగితం తీసింది.

నా ఇంగ్లీషు పదో తరగతి దగ్గర ఆగింది, ఆవిడది ఇంకా ముందే ఆగినట్టుంది. అందుకని బొమ్మలు వేసింది. మొదటి బొమ్మ, మూతి ముడుచుకున్న మొహం, పక్కన పల్లీ. దాని కింద నా వాక్యం రాసింది. రెండో బొమ్మ, పెదవులు వాచిన మొహం, పక్కన పల్లీ, దాని మీద పెద్ద ఇంటూ గుర్తు. దాని కింద వేరే వాక్యం. పెన్నుతో రెంటినీ కొట్టి చూపించి, ఏది నువ్వు, అని కళ్లతో అడిగింది.

అక్కా, నేను ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి చెప్పింది, "నాకు పల్లీలంటే ఇష్టం లేదు" అని! ఆ రొట్టెలావిడ కూడా, "నాకూ ఇష్టం లేదమ్మా" అని నవ్వి ఉంటుంది. ఇష్టం లేనివాళ్లకి పైన చల్లిన పల్లీలు ఏరేసి ఇస్తారు, పిండిలో, పులుసులో కలిసినవాటిని ఎవరు పట్టించుకుంటారు?

నేను రెండో బొమ్మ మీద వేలు పెట్టాను. ఆవిడ, "అలెర్జిక్!" అంది. నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఎలర్జీ అనే మాట వీళ్లకీ అదేనట! ఆయన వాక్యంలో ఆ మాట ఎక్కడా లేదేమని నాకు అనుమానం రాకపోలేదు, వీళ్ల భాషలో దానికి వేరే మాట ఉంటుందిలే అనుకున్నాను. ఆవిడ నాకు మూడు ముక్కలు నేర్పి, ఆ రెండో బొమ్మ కిందే రాసిచ్చింది. "జ సుయి అలెర్జిక్ ఆ లరషీద్." పల్లీలకి అరషీద్ అని ఇంకో పేరుందట, పొట్లాల మీద అచ్చేసేది అదేనట. నా చేతిలోని బన్ను కాగితం సాపు చేసి, చీమల్లాంటి అక్షరాల్లో ఆ పేరు కింద గీత గీసి చూపించింది. రెండోది, "సె గ్రావ్," చాలా ప్రమాదం. మూడోది, "జ ప మురీర్." నేను చచ్చిపోవచ్చు.

మురీర్ అంటే చావడమట అక్కా. వినడానికి మురిపెంలా ఉంది. మొదటి రెండూ అనేశాను. మూడోది నోరు దాటి రాలేదు. ఆవిడ వదల్లేదు, అను, అను, అని చేత్తో సైగ చేసింది. రాలేదు. తెలుగులోనే ఎప్పుడూ అనని మాట, ఫ్రెంచిలో ఎలా వస్తుంది?

తర్వాత ఆవిడ మొదటి బొమ్మ కింద వాక్యం చూపించి, ఇది నీకెవరు నేర్పారు అన్నట్టు అడిగి, "వొత్ర్ మరీ?" అంది. "మరి?" అన్నట్టే వినిపించింది, ఆ తర్వాతేమైంది అని మన వీధిలో ఎవరో అడిగినట్టు. మరి అంటే వీళ్ల భాషలో మొగుడట. అవునని తలూపాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ తుడవడం చూసి నాకు సిగ్గేసింది.

అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. మూడు నెలలు తెల్లారుజామునే లేచి నేర్చుకున్న మనిషికి ఈ తేడా తెలియదా? ఇరవై నాలుగేళ్లు ఒక కంచం పక్కన ఒక కంచం పెట్టుకుని తిన్నాం. పెళ్లైన మూడో ఏడు వాళ్ల బంధువులింట్లో పచ్చడి తిని నేను స్నానాలగదిలో గడియ పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను, నీకెప్పుడో చెప్పాను. ఆయన తలుపవతల నిలబడి, "బానే ఉన్నావా?" అన్నారు. "తల తిరిగింది, వస్తున్నా" అన్నాను. గంటసేపు నిలబడ్డారు. నిలబడ్డారు, అంతే. ఆయన లెక్కలో నాది పేచీ, చిన్నపిల్ల కంచంలోంచి కూరముక్కలు పక్కకి తోసినట్టు. పరాయి ఊళ్లో, పరాయి భాషలో చెప్పాల్సి వచ్చేసరికి లోపల ఏముందో అదే బయటికొచ్చింది.

శనివారం భోజనానికి నేను వెళ్లను. తలనొప్పి అంటాను. ఆ తర్వాత టిక్కెట్టు మార్పించుకుని ముందే వచ్చేస్తాను. మీ ఇంట్లో నాలుగు రోజులుంటాను, ఎందుకని అడక్కు. ఇప్పటికి ఆయనకి ఏమీ చెప్పలేదు. వాచిన పెదవి చూసి ఏమైందంటే, తలుపు తగిలిందన్నాను.

నీ చెల్లి

*

అక్కా,

నీ ఉత్తరం చేరింది. "వెంటనే వచ్చెయ్, నేనున్నాను" అని నువ్వు రాసిన వాక్యం పదిసార్లు చదివాను. కానీ రావడం లేదు. కూర్చుని నెమ్మదిగా చదువు, ఇది కొంచెం పెద్దది.

ఆ బొమ్మల కాగితం నోటుబుక్కులో మడిచి పెట్టాను. గురువారం సాయంత్రం ఆయన కొత్త బోర్డు కొలతలు రాసుకోవాలని ఖాళీ పేజీ వెతుకుతుంటే అది జారిపడింది. తీసి చూశారు. నేను తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. మూతి ముడిచిన మొహం కింద రాసింది ముందు పైకి చదివారు, తర్వాత వాచిన మొహం కింద రాసింది. మురీర్ అన్న చివరి మాట దగ్గర ఆగిపోయారు. ఆయనకి ఫ్రెంచి వచ్చు కదా.

"ఇదెవరు రాశారు?"

"మందులషాపావిడ."

"ఎవరి గురించి?"

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని తిరిగాను. నీకు రాసిందంతా ఆయన మొహం మీద చెప్పేశాను. మొదటి రెండుసార్లు, క్యాంటీను, బన్ను, తలుపు తగలని పెదవి, అన్నీ. "నా ప్రాణం మీకు పేచీ అయిపోయింది. ఇష్టం లేదని చెబుతారా నా గురించి? ఇరవై నాలుగేళ్లలో మీకు తెలిసింది అదా?" అన్నాను. గొంతు నాదేనా అనిపించింది.

ఆయన అరవలేదు. కుర్చీలో కూర్చుని కాగితం మోకాలి మీద పరుచుకున్నారు.

"నువ్వు నాకేం చెప్పావో అదే చెప్పాను," అన్నారు.

"నేనా?"

"పెళ్లైన ఐదో రోజు. నేను వేడి పల్లీల పొట్లం కట్టించుకొచ్చాను. నువ్వు గుమ్మంలో నిలబడి, 'నాకు పల్లీలంటే ఇష్టం ఉండదండీ' అన్నావు. పొట్లం బయట మెట్లమీద కూర్చుని ఒక్కణ్నే తినేసి, చేతులు కడుక్కుని లోపలికొచ్చాను. ఆ తర్వాత ఎప్పుడు తెచ్చాను చెప్పు?"

అక్కా, తేలేదు. ఒక్కసారీ తేలేదు.

"మా అమ్మ గొడవ చేసింది గుర్తుందా? 'ఏమిటీ అపురూపం, అందరూ తినేది ఈవిడ తినదా' అని. నేనేమన్నాను? 'ఆవిడకి ఇష్టం లేదు, మన వంటింట్లో మానెయ్యండి' అన్నాను. కారణమేమిటంది. ఇష్టం లేకపోవడమే కారణమన్నాను. మనిషికి ఇష్టం లేదంటే చాలదా, దానికి రోగం కూడా ఉండాలా?"

ఆ మాటకి నా చేతిలో గిన్నె తొట్టిలోకి జారింది. ఆ ఇంట్లో పల్లీలు ఎందుకు మాయమయ్యాయో నేనెప్పుడూ అడగలేదు, నా అదృష్టమనుకున్నాను. అవి మాయమైంది ఆయన మాట మీద. అదీ నా ఇష్టాయిష్టానికి విలువిచ్చి, ఇంకో ప్రశ్న వెయ్యకుండా.

"ఫ్రెంచి నేర్చుకునేటప్పుడు మొట్టమొదట నేర్చుకున్న వాక్యం అదే తెలుసా? లిఫ్టు తర్వాత సంగతి," అన్నారు. "లిఫ్టు ఆగిపోతే బోర్డు మీద ఒక నంబరు వెలుగుతుంది. ఆ నంబరు చూసే ఎక్కడ లోపమో మేం వెతుకుతాం. తలుపు పాడైతే తలుపు నంబరు, మోటారు పాడైతే మోటారు నంబరు. నువ్వు మోటారు పాడై కూర్చుని ఇరవై నాలుగేళ్లు తలుపు నంబరు చూపించావు. నేనేం మెకానిక్కుని, నన్నేం చెయ్యమంటావు?"

నేను కింద కూర్చుండిపోయాను. ఆయన కూడా కుర్చీ దిగి వచ్చి తడినేల మీదే కూర్చున్నారు.

"నా తప్పూ ఉంది," అన్నారు. "ఆ రోజు మా వాళ్లింట్లో గంటసేపు తలుపవతల నిలబడ్డాను. ఊరందరికీ ఇరుక్కున్న తలుపులు తెరిచేవాణ్ని. ఇంట్లో ఒక్కటీ తెరవలేకపోయాను. లోపల నువ్వు 'వస్తున్నా' అన్నావని నమ్మాను."

అప్పుడు చెప్పాను అక్కా. తెలుగులో. "నాకు పల్లీలు పడవు. తింటే గొంతు మూసుకుపోతుంది. చచ్చిపోతాను." ముక్క ముక్కగా వచ్చింది. చెప్పి ఆయన మొహంలోకి చూశాను. ఇంత దాచావా అంటారో, మీవాళ్లు నన్ను మోసం చేశారంటారో అని.

ఆయన, "మరి?" అన్నారు.

"మరేంటి?"

"మరి ఇప్పుడేం చెయ్యాలి? డాక్టరేమన్నాడు? మందేంటి? పొద్దునే వెళ్దామా? గురువుగారింట్లో ఏం చెప్పాలి?" ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉన్నారు, ఆ నోటుబుక్కే తీసి రాసుకుంటూ. ఆయన చేతిరాత వంకరగా పోయింది.

మర్నాడు క్లాసు మానేసి మందులావిడ చెప్పిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పెన్నులా ఉండే సూదిమందు ఇచ్చారు, గొంతు పట్టుకుంటే తొడ మీద గుచ్చుకుని వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలట. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, నిమిషానికోసారి తట్టి చూసుకుంటున్నారు.

శనివారం భోజనానికి వెళ్లాం. గురువుగారి భార్య బల్లనిండా వడ్డించి పెట్టింది. మధ్యలో ఒక గిన్నెలో అదే గోధుమరంగు పులుసు, ఆవిరి వస్తోంది. ఆ వాసన నాకు తెలుసు. లేచి పారిపోదామనిపించింది. మీ మరిది లేచి నిలబడి, "మా ఫామ్..." అని మొదలుపెట్టారు. ఆగారు. నావైపు చూసి, "నువ్వు చెప్పు. నీ మాట నువ్వే చెప్పాలి," అన్నారు తెలుగులో.

లేచాను. "జ సుయి అలెర్జిక్ ఆ లరషీద్." ఆవిడ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. "సె గ్రావ్." పక్కన ఆయన పెదవులు నాతోపాటు కదులుతున్నాయి, శబ్దం లేకుండా, మావాడు మొదటిసారి బడిలో పద్యం అప్పజెప్పినప్పుడు నా పెదవులు కదిలినట్టు. "జ ప..." అక్కడ ఇరుక్కున్నాను. ఆయన చెయ్యి జేబు మీదికెళ్లింది.

"జ ప మురీర్."

ఆవిడ మొహం పాలిపోయింది. ఒక్కమాటైనా అడక్కుండా పులుసు గిన్నె ఎత్తి వంటింట్లోకి తీసుకెళ్లింది. దాన్నిండా పల్లీల ముద్దేనట. తిరిగొచ్చి నా ముందున్న కంచం, చెంచా, గ్లాసు అన్నీ తీసేసి, బల్ల సబ్బునీళ్లతో తుడిచి, చేతులు మోచేతులదాకా కడుక్కుని, అప్పటికప్పుడు నాకు రెండు గుడ్లు, నాలుగు బంగాళాదుంపలు ఉడికించి పెట్టింది. ఉప్పు మాత్రమే వేసింది. ఆవిడ నా ఎదురుగా కూర్చుని, నేను మింగిన ప్రతి ముద్దా తను మింగినట్టు చూసింది. పులుసు గిన్నె మళ్లీ బల్ల మీదికి రాలేదు. నలుగురం ఉడికిన దుంపలే తిన్నాం. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదంటే నమ్ము.

ఇప్పుడు నీతో ఒక మాట. "ఇష్టం ఉండదని చెప్పవే. పడవు అంటే రోగిష్టి పిల్లనుకుంటారు, సంబంధం తప్పిపోతుంది," అని పెళ్లికి నెల ముందు నా జడ అల్లుతూ చెప్పింది నువ్వే. పోయిన ఉత్తరంలో ఆయన మీద అంత పెద్ద నింద రాస్తున్నప్పుడు కూడా ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. నాకంత బాగా అలవాటైపోయింది నీ మాట. నిన్ను తప్పుపట్టడం లేదక్కా. నా చెప్పులు పట్టుకుని సైకిలు వెనకాల పరిగెత్తినదానివి, నా చెడు ఎందుకు కోరతావు? నేను బతకాలని ఒకసారి పరిగెత్తావు, నాకు పెళ్లి కావాలని ఇంకోసారి ఆ మాట చెప్పావు. కానీ ఆ రెండోదాన్ని గువ్వకి నేర్పమంటే మాత్రం నావల్ల కాదు. నీకు కోపం వస్తుందని తెలుసు.

దానికి రాసిన కాగితం ఇందులోనే పెట్టాను. కావాలంటే ముందు నువ్వు చదువు. చదివి దానికివ్వు. దాచకు.

పది రోజుల్లో వస్తున్నాం. ఇద్దరం మీ ఇంటికే ముందు వస్తాం.

నీ చెల్లి

*

గువ్వా,

మీ అమ్మ నన్నొక మాట అడిగింది, నీకు నేర్పమని. దాన్ని నేను ఇరవై నాలుగేళ్లు వాడాను. పని చేసింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ బాగా పని చేసింది, ఎందుకంటే మీ బాబాయి మంచివాడు. గడప దాటాక నన్ను చంపబోయింది.

అందుకని దాని బదులు వేరేది రాస్తున్నాను. మూడు ముక్కలే. "నాకు పల్లీలు పడవు. చాలా ప్రమాదం. తింటే చచ్చిపోతాను." అద్దం ముందు నాలుగుసార్లు అను. చివరి ముక్క దగ్గర గొంతు పట్టుకుంటుంది, నాకూ పట్టుకుంది. నాలుగోసారికి వస్తుంది. వచ్చాక ఆ అబ్బాయితో అను. పెళ్లికి ముందే. ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని, అతని మొహం కనిపించేలా. మధ్యలో మీ అమ్మ దగ్గితే ఆగకు.

చెప్పాక అతనేమంటాడో విను. అయ్యో పాపం అనొచ్చు, అది మర్యాద. ముందే ఎందుకు చెప్పలేదనొచ్చు, అది కోపం, చల్లారుతుంది. మా ఇంట్లో తెలిస్తే ఎలా అని తలవంచుకుంటే మాత్రం నాకు కబురు చెయ్యి, నేనూ మీ బాబాయీ వస్తాం, ఏం చెయ్యాలో కూర్చుని ఆలోచిద్దాం. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను.

అలా కాకుండా, "మరి?" అని అడిగాడనుకో. మరి ఏం చెయ్యాలి, ఏం తినకూడదు, మందు ఎక్కడ పెడతావు, అని. ఇక్కడివాళ్ల భాషలో మొగుణ్ని మరి అంటారు. ఎందుకంటారో నాకు మొన్న గురువారం అర్థమైంది.

పిన్ని